నాకు వేరే ప్లేటు

నాకు నచ్చిన ఇథియోపియా హోటల్ ఏదని ఎవరైనా అడిగితే తడుముకోకుండా చెబుతాను. మిర్కాబ్‌లో ఉంది. కింద బట్టల అంగడి, పక్కన ఇరుకు మెట్లు, పైన హోటల్. కువైట్‌కు వచ్చిన ఇన్నేళ్లలో నేను వేళ్లు నాక్కుంటూ తిన్న హోటల్ అదొక్కటే. ఆ మెట్లు మళ్లీ ఎక్కడానికి మాత్రం నాకు మొహం చెల్లడం లేదు.

అంతా నా తమ్ముడి పెళ్లి మాటతో మొదలైంది. అమ్మ పోయినప్పుడు వాడు బడికి పోయే వయసు. వాడి ముక్కు తుడిచింది నేను, పలక మీద అక్షరాలు దిద్దించింది నేను, తప్పు చేస్తే వీపు మీద నాలుగు వేసింది నేను. ఇప్పుడు దజీజ్‌లో ఒక గోడౌన్‌కు వ్యాన్ నడుపుతున్నాడు. నేను ఒక కువైటీ ఇంట్లో వంటా ఇంటిపనీ చేస్తాను. మా ఇంటి యజమానురాలిని మామా అంటాను. ఇక్కడ ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లం ఏ దేశం నుంచి వచ్చినా ఇంటావిడను పిలిచే పిలుపు అదే.

మామా చెడ్డది కాదు. జీతం ఆపదు, చెయ్యెత్తదు. కానీ నేను పనిలో చేరిన రోజే ఒక స్టీలు ప్లేటు, ఒక ప్లాస్టిక్ గ్లాసు చూపించి, ఇవి నీవి అని చెప్పి, సింకు కింద సబ్బు డబ్బాల పక్కన పెట్టింది. ఆ ఇంట్లో అందరూ తినే పళ్లేలు తోమేది నేను, వాళ్ల కూర ఉప్పు చూసేది నేను, నా నోరు తగిలిన గ్లాసు మాత్రం వాళ్ల గ్లాసుల్లో కలవకూడదు. ఆ రోజు తమ్ముడికి ఫోన్ చేసి ఏడ్చాను. "కుక్కకు పెట్టినట్టు పెడతాండార్రా" అన్నాను. "ఓర్చుకోక్కా" అన్నాడు వాడు. ఓర్చుకున్నాను, అలవాటైంది. అయినా వంగి ఆ ప్లేటు తీసుకునేటప్పుడల్లా లోపల చురుక్కుమంటుంది.

శుక్రవారం నాకు సెలవు. పొద్దున్నే మామా ఇంటి వంట చేసి పెట్టేసి బయటపడితే సాయంత్రం దాకా నా ఇష్టం. తమ్ముడు వచ్చి తీసుకుపోతాడు. ఫర్వానియాలో మనవాళ్ల మెస్‌లో అన్నం తిని, ఊరి సంగతులు మాట్లాడుకుని, ఎవరి దారిన వాళ్లం పోయేవాళ్లం. అలాంటి ఒక శుక్రవారం వాడు అన్నం కలుపుతూ కలుపుతూ చెయ్యి ఆపాడు.

"అక్కా, ఒక పిల్ల ఉండాది. చేసుకుందామనుకుంటాండా."

"మంచిమాటే కదా. ఏ ఊరు రా? మన కడపోళ్లేనా?"

"ఊరు గాదక్కా. దేశం. ఇథియోపియా."

నా నోరు మంచిది కాదు. మా ఊళ్లో అందరికీ తెలుసు. "నీ బుద్ధి గడ్డి తినిందా? మనకు ఆడపిల్లలు కరువైనారా? ఆ రంగేంది, ఆ దేవుడేంది, ఆ మాటేంది? రేప్పొద్దున ఊళ్లో అడిగితే నేను తలకాయ యాడ పెట్టుకోవల్ల?" అని మెస్‌లో పక్క బల్లలవాళ్లు తిరిగి చూసేలా తిట్టాను. నేనేదో పచ్చగా పసిమిగా ఉన్నట్టు రంగు గురించి మాట్లాడాను. అద్దంలో నా మొహం నాకు తెలియదా? అయినా ఆ మాటే వచ్చింది ముందు.

నా కోపం పాలపొంగని వాడికి తెలుసు. పొంగి దిగేదాకా కాచుకుని, నెమ్మదిగా చెప్పాడు. ఆ పిల్ల కూడా ఒకప్పుడు ఇంటిపనికి వచ్చిందే. ఇప్పుడు దజీజ్‌లోనే ఒక క్యాటరింగ్ కిచెన్‌లో ప్యాకింగ్ పని చేస్తోంది. వీడు సరుకు దించడానికి పోయి పరిచయం.

"నువ్వు ఊ అంటేనే చేసుకుంటా. లేదంటే లే. అమ్మ ఉంటే అమ్మనడిగేవాణ్ణి. ఇప్పుడు నాకు అమ్మయినా అక్కయినా నువ్వే కదా. ఒక్క పూట ఆపిల్ల పక్కన కూచోని అన్నం తిను. అంతే."

"తింటే ఒప్పుకున్నట్టా?"

"వాళ్లల్లో ఇంటి పెద్దోళ్లు కూచోని తింటేనే మాట ఖాయమంట. మనం తాంబూలాలు మార్చుకోమా, అట్ల." పప్పు గిన్నె నావైపు జరిపి మళ్లీ అన్నాడు. "కాకపోతే ముందుగాల ఆ తిండి నువ్వు అలవాటు చేసుకోవల్ల. ఆపిల్ల ముందర మొగం చిట్లించినావంటే బాధపడతాది. నీకు నచ్చిన హోటల్ ఏదో దొరకనీ. ఆడికే పిలుస్తా."

నేను సరేనన్నాను. వాడు ఆశ్చర్యపోయాడు. నా ఎత్తు వాడికేం తెలుసు. నాకు ఏ హోటలూ నచ్చకపోతే ఆ పిల్లను చూసే రోజే రాదు. వంక లేనమ్మ డొంక పట్టుకుని ఏడ్చిందంటారే, ఆ అమ్మనే అవుదామనుకున్నాను.

మొదటి హోటల్ ఫర్వానియాలోనే, ఒక ట్రావెల్స్ ఆఫీసు వెనకాల. చాపంత వెడల్పు ప్లేటు తెచ్చి బల్ల మధ్యలో పెట్టారు. ప్లేటు నిండా బూడిదరంగు దోసె పరిచి ఉంది, ఒళ్లంతా తేనెపట్టులా చిల్లులు. ఇంజెరా అంటారట. దాని మీద కుప్పలు కుప్పలుగా కూరలు. చుట్టూ కూర్చున్నవాళ్లు అందులోనే ఎవరివైపు వాళ్లు తుంచుకుని తినాలి. చెంచా లేదు, గరిటె లేదు, కుడిచేత్తోనే. చేత్తో తినే మనుషుల్ని చూసి నాకు కొంచెం ప్రాణం లేచొచ్చింది, కానీ బయటపడలేదు. తమ్ముడితో ఒకే ప్లేటులో తినడం నాకు కొత్త కాదు. చిన్నప్పుడు ఒకే గిన్నెలో సంగటి తిన్నవాళ్లం. తుంచి నోట్లో పెట్టుకుంటే మూడు రోజులు పులిసిన పిండితో పోసిన దోసెలాగే ఉంది.

"పులుపు రా నాయనా. పళ్లు జివ్వుమంటాండాయి" అన్నాను.

నిజానికి ఆ పులుపు నాకు నచ్చింది.

రెండోది అహ్మది పోయే దారిలో. వాడి దోస్తు కారు అడుక్కుని అంత దూరం తీసుకుపోయాడు పాపం. అక్కడ కోడికూర, అందులో ఉడకబెట్టిన గుడ్డు. ఎర్రగా, నూనె తేలుతూ, అచ్చం మా ఇంట్లో కోడిపులుసే. నేను నీళ్లు తాగి, "కారం. నా వల్ల గాదు" అన్నాను. వాడు తినడం ఆపి నావైపు చూసి ఒకటే నవ్వు.

"కడపోళ్లు కారమని చెప్తే నమ్మేవాళ్లు ఉండారా అక్కా?"

నాకూ నవ్వొచ్చింది, దగ్గు మీదికి నెట్టేశాను. అక్కడే పక్క బల్ల దగ్గర ఒక పెద్దావిడ ఇంత లావు ముద్ద చుట్టి, ఎదురుగా కూర్చున్న మీసాల మనిషి నోట్లో కుక్కింది. అతను బుగ్గలు ఉబ్బించుకుని నమిలి, తిరిగి ఆమెకొకటి పెట్టాడు.

"ఏందిరా ఆ మనిషికి చేతుల్లేవా?"

"గుర్షా అంటారక్కా. ఇష్టమైనోళ్లకు, పెద్దోళ్లకు అట్ల నోట్లో పెడతారు. ముద్ద ఎంత లావుంటే అంత ప్రేమంట. వద్దంటే మాత్రం శానా తప్పు."

అంటే నాకు ముందే తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు కూడా లేదు.

తర్వాత సాల్మియాలో ఒకటి. అక్కడ పాటల మోత ఎక్కువని వంక పెట్టాను. మళ్లీ ఫర్వానియాలో ఇంకొకటి. అక్కడున్న ఆడవాళ్లంతా నన్నే చూస్తున్నారని వంక పెట్టాను. వాళ్లెవరూ నన్ను చూడలేదు, వాళ్ల తిండి వాళ్లు తింటున్నారు. తమ్ముడు మాత్రం "సరే అక్కా, ఇంకోటి చూద్దాం" అనేవాడు. వాడు కాస్త విసుక్కుని ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

అలా తిరుగుతూ తిరుగుతూ మిర్కాబ్ హోటల్‌కు పోయాం. మెట్లెక్కుతుండగానే సాంబ్రాణి వాసన. పైన ఒక ముసలామె చిన్న పీట మీద కూర్చుని పచ్చి కాఫీ గింజలు పెనం మీద వేయిస్తోంది. గింజలు నల్లబడి పొగ లేచాక ఆ పెనాన్ని బల్ల బల్లకూ తీసుకొచ్చి, ఆ పొగను చేత్తో మనవైపు తోస్తుంది, హారతి ఇచ్చినట్టు. నా చెయ్యి దానంతటదే లేచి కళ్లకద్దుకుంది. తమ్ముడు చూశాడు.

ఆ రోజు ప్లేటులో నీసు లేదు. బుధ, శుక్రవారాలు వాళ్లలో చాలామంది ఉపవాసమట, మాంసం, పాలు, గుడ్డు ముట్టరట. మేం శనివారం ముట్టనట్టే. ఎర్రబేడల పప్పు, ఆకుకూర, శనగపిండితో చిక్కగా చేసిన కూర, బీట్‌రూట్, క్యాబేజీ. తింటూ తింటూ తమ్ముడు ఆ పిల్ల సంగతి చెప్పాడు.

"ఆపిల్ల ముందుగాల పనిచేసిన ఇంట్లో గ్లాసు బాత్రూములో పెట్టినారంట అక్కా. నీకు సింకు కిందన్నా పెట్టినారు."

నాకు ఆ పిల్ల మీద మొదటిసారి జాలి కలిగింది. జాలి కూడా కాదు, మనదే అన్నట్టు ఒక కోపం. ఆ కోపంలోనే తిన్నాను. ఎప్పుడు అయిపోయిందో తెలియలేదు. చూస్తే నా వైపు కూరలన్నీ ఖాళీ, అడుగున కూరలు పీల్చుకుని మెత్తబడిన ఇంజెరాను కూడా గోటితో లేపి తింటున్నాను. తల ఎత్తితే తమ్ముడు చెయ్యి కడుక్కుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని నన్నే చూస్తున్నాడు.

"ఇదేనా అక్కా?"

దొరికిపోయాను. నోట్లో ముద్ద పెట్టుకుని అబద్ధం ఎలా ఆడను. "ఊ" అన్నాను. వాడి మొహం చూడాలి అప్పుడు. పదో తరగతి పాసైన రోజున కూడా వాడి మొహం అలా వెలగలేదు.

తర్వాతి శుక్రవారమే పిలిచాడు. నేను ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుపోయాను. మేం మెట్లెక్కేసరికే ఆ పిల్ల వచ్చి కూర్చుని ఉంది. అంచుకు రంగుల పూలు కుట్టిన తెల్ల నేత బట్టలు, తలకు సన్నసన్న జడలు. నన్ను చూసి లేచి నిలబడింది. వంగి, నా మోకాళ్లు తాకి, "అక్కా, బాగుండావా?" అంది. అచ్చం మా ఊరి యాస. తమ్ముడు నేర్పాడు. నాకు నవ్వొచ్చింది. తనకొచ్చిన నాలుగు తెలుగు మాటలూ అయిపోయాక మేం ఇద్దరం ఇళ్లలో నేర్చుకున్న అరబ్బీలో మాట్లాడుకున్నాం. మా అమ్మ గురించి అడిగింది. తన చెల్లెళ్ల ఫొటో చూపించింది. బాగుంది పిల్ల. ఇంకో చోట కలిసి ఉంటే నేనే మెచ్చుకునేదాన్ని.

ప్లేటు వచ్చింది. ముగ్గురికీ ఒకటే. తమ్ముడు నావైపు చూసి, "కానీ అక్కా" అన్నాడు. ఆ పిల్ల మాత్రం తాను తినలేదు. ఇంజెరా తుంచి, పప్పూ ఆకుకూరా అన్నీ కొంచెం కొంచెం తీసి, నిమ్మకాయంత కాదు, ఇంత లావు ముద్ద చుట్టింది. లేచి, బల్ల మీదుగా వంగి, ఎడమచెయ్యి కింద పట్టి, ఆ ముద్ద నా నోటి దగ్గరికి తెచ్చింది.

"తినక్కా" అంది.

కాఫీ వేయించే ముసలామె కూడా పని ఆపి నవ్వుతూ చూస్తోంది. తమ్ముడు ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. నేను చెయ్యాల్సిందల్లా నోరు తెరవడం. ఊరిని తిట్టడానికి తెరుచుకునే నోరు, నలుగురిలో తమ్ముణ్ణి కడిగేయడానికి తెరుచుకునే నోరు, గట్టిగా మూసుకుపోయింది. నేను ఆలోచించి మూయలేదు. ఆలోచించి ఉంటే తెరిచేదాన్నేమో. తల వెనక్కి పోయింది, చెయ్యి అడ్డం వచ్చింది, ఆ పిల్ల వేళ్లకు నా వేళ్లు తగిలి ముద్ద విరిగి బల్ల మీద పడింది.

అక్కడితో ఆగినా బాగుండేది. నేను తమ్ముడి వైపు తిరిగి తెలుగులో అన్నాను.

"నాకు వేరే ప్లేటు తెప్పీరా. ఒకరి ఎంగిలి నాకు పడదు."

ఇన్ని వారాలు వాడితో ఒకే ప్లేటులో తిన్నదాన్ని. అప్పుడు పట్టని ఎంగిలి ఆ రోజే పట్టింది. వాడు నావైపు చూశాడు. వాడి చూపులో కోపం ఉంటే తిరిగి నేనూ కోపం తెచ్చుకునేదాన్ని. కోపం లేదు. చిన్నప్పుడు నేను అన్యాయంగా కొట్టినప్పుడు చూసేవాడే, అలా చూశాడు.

ఆ పిల్లకు తెలుగు అంతగా రాదు కదా, అర్థం కాలేదేమో అనుకున్నాను ఒక క్షణం. ఆమెకు అర్థం కావడానికి భాష అక్కర్లేదు. ముందు బల్ల మీద పడిన ముక్కలు కాగితంతో తుడిచింది. హోటల్ అమ్మాయిని పిలిచి వాళ్ల భాషలో ఏదో చెప్పింది. వేరే ప్లేటు వచ్చింది. దాన్ని మళ్లీ తుడిచి, చుట్టి పెట్టిన ఇంజెరా ఒకటి విప్పి పరిచి, పెద్ద ప్లేటులో ఎవరి చెయ్యీ తగలని వైపు నుంచి చెంచాతో కూరలు తీసి, ఒకదానికొకటి కలవకుండా వడ్డించింది. రెండు చేతులతో నా ముందర పెట్టింది. విడిగా తినేవాళ్లకు ఎలా వడ్డించాలో ఆ చేతులకు బాగా తెలుసు. నా చేతులకు తెలిసినట్టే.

"మాఫీ ముష్కిల" అంది. ఏం పర్లేదు అని. ఆ తర్వాత, తల వంచుకుని, "తఫద్దలి, మామా" అంది. తీసుకోండి, మామా అని.

అప్పటిదాకా అక్కా అన్న పిల్ల. కావాలని ఎత్తిపొడిచిన మాట కాదు అది. ఎత్తిపొడుపైతే నాకంటే బాగా ఎవరు పసిగడతారు? ఏళ్ల తరబడి అలా వడ్డించిన చోటల్లా ఆ మాట అని అని, చెయ్యి వెంట నోటికి వచ్చేసింది. తమ్ముడు కళ్లు మూసుకున్నాడు. నేను ఆ ప్లేటులో అన్నీ తిన్నాను, ఏదీ వదల్లేదు, దేని రుచీ తెలియలేదు. భూమి చీలితే అందులో దూరిపోదామన్నంత సిగ్గేసింది. కానీ నోరు తెరిచి ఒక్క మాట చెప్పలేదు.

తిరిగి వచ్చేటప్పుడు తమ్ముడు నన్ను ఇంటి గేటు దాకా తీసుకొచ్చాడు. దిగబోతుంటే అడిగాడు.

"ఏమంటావక్కా?"

నా తప్పు గురించి అడగలేదు. నా ఒప్పుదల కోసం అడిగాడు. అప్పటికీ వాడికి అదే కావాలి. "చేసుకో. బంగారం లాంటి పిల్ల" అన్నాను. వాడు తల ఊపాడు. లోపలికి పోయి, మామా ఇంట్లో రాత్రి వంట మొదలుపెట్టే ముందు నీళ్లు తాగుదామని సింకు ముందు వంగాను. నా గ్లాసు అక్కడే ఉంది. దాన్ని చేతిలో పట్టుకుని కాసేపు అలాగే కింద కూర్చుండిపోయాను.

పెళ్లి మా ఊళ్లోనే అయింది. నాకు సెలవు దొరకలేదు, ఫోన్‌లో చూశాను. ఇప్పుడు వాళ్లిద్దరూ ఫర్వానియాలో ఒక గది తీసుకుని ఉంటున్నారు. ప్రతి శుక్రవారం నేను అక్కడికే పోతాను. నా మరదలు నేను వచ్చేసరికి ఇంజెరా పోసి ఉంచుతుంది. మా చెనిక్కాయల పచ్చడి, ఊరిబిండి అంటాం, అది కూడా నేర్చుకుంది, నాకంటే బాగా నూరుతుంది. మళ్లీ అక్కా అనే పిలుస్తోంది. ఆ రోజు సంగతి ఒక్కసారైనా ఎత్తలేదు. ఎత్తితే బాగుండు, నాలుగు తిట్టినా బాగుండు.

ఆ గదిలో నాకొక ప్లేటు ఉంది. వాళ్లిద్దరూ సొట్టలు పడిన అల్యూమినియం పళ్లెంలో కలిసి తింటారు. నాది నీలం పూల అంచున్న పింగాణీ ప్లేటు. నా కోసమే కొన్నారు, ఆ ఇంట్లో ఉన్న వస్తువులన్నిటిలో అదే మంచిది. వేరే ఎవరికీ అందులో పెట్టదు. అలమరలో పై అరలో, తెల్లగుడ్డ కప్పి ఉంచుతుంది. మా ఆడబిడ్డకు ఎంగిలి పట్టింపు అని స్నేహితురాళ్లకు గౌరవంగా చెబుతుందట. తమ్ముడు చెప్పాడు.

మొన్న శుక్రవారం ఇక ఉండబట్టలేకపోయాను. వాళ్లు పళ్లెం ముందు కూర్చోగానే నేనూ పోయి పక్కన చతికిలబడ్డాను. ఏమీ చెప్పకుండా వాళ్ల పళ్లెంలో చెయ్యి పెట్టి, ఇంజెరా తుంచాను. ఈ రోజైనా ఒక ముద్ద చుట్టి పెడుతుందేమో, పెడితే నోరు తెరుద్దామని. తమ్ముడు తినడం ఆపి నావైపు చూశాడు.

నా మరదలు మాత్రం ఉలిక్కిపడి తన చెయ్యి వెనక్కి లాక్కుంది. నాకు వడ్డించడం ఆలస్యం చేశానని అనుకున్నట్టుంది. "ఆగక్కా, ఆగు, అది మా ఎంగిలి" అంటూ గబగబా లేచింది. అలమర తెరిచి, గుడ్డ తీసి, నీలం పూల ప్లేటు కడిగి, తుడిచి, నా ముందర పెట్టింది.